వెనక కూర్చునే మనిషిని అడిగారా?

మా అమ్మాయిని ఇంటర్మీడియట్‌కి ఏ ఊళ్ళో చేర్పించాలన్న విషయం మా ఇంట్లో రెండు రోజుల్లో తేలిపోయింది. మా ఆయన ఏ మోటారుసైకిలు కొనాలన్న విషయం మాత్రం మూడు నెలలు నడిచింది.

2025లో గోడౌన్లో దాచిన శనగలు అమ్మిన డబ్బు చేతికొచ్చింది మొదలు, సాయంత్రమైతే చాలు మా అరుగు అసెంబ్లీ అయిపోయేది. ఆయన, ఆయన స్నేహితులు ముగ్గురు, ఎదురింటి కాలేజీ కుర్రాడు... అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు. సీసీలు, సిలిండర్లు, టార్కు, టూరింగు అంటూ ఒకటే చర్చ. నేను లోపల టీ పెడుతూ ఆ మాటలన్నీ వినేదాన్ని. "వదినా, చక్కెర రవ్వంత తగ్గించు" అన్నవాళ్ళున్నారు గానీ, "వదినా, నువ్వేమంటావు?" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అడగాలని వాళ్ళకి తోచలేదు, అంతే. నాకు పెళ్ళయి పదిహేడేళ్ళు. ఈ పదిహేడేళ్ళలో దొర్నిపాడు నుంచి కోవెలకుంట్లకు, ఆళ్ళగడ్డకు, నంద్యాలకు, మా పుట్టింటికి, పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు బండి వెనక కూర్చుని ఎన్ని వందలసార్లు తిరిగానో లెక్కలేదు. హ్యాండిల్ పట్టుకున్నది ఆయనే కావచ్చు. తిరిగిన దూరం మాత్రం ఇద్దరిదీ ఒకటే కదా! మరి బండి కొనేటప్పుడు ఒకరినే అడిగితే ఎలా?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

బుల్లెట్టు శబ్దం వినిపిస్తే...

మా ఆయన కొనాలనుకున్నది క్రూయిజర్ అనే రకం. తెలియనివాళ్ళకోసం చెబుతాను. సీటు కిందికి ఉంటుంది. హ్యాండిల్ వెడల్పుగా, ఒంటికి దగ్గరగా ఉంటుంది. కాళ్ళు కొంచెం ముందుకు చాపి, వీపు నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. వంగి రేసుకు పోయే బండి కాదు, తీరిగ్గా దూరం పోయే బండి. అందులో మరీ చిన్నవీ కాక, లక్షలకు లక్షలు పోసే భారీవీ కాక, మూడువందల యాభై నుంచి ఆరువందల యాభై సీసీ దాకా ఉన్నవాటిని మధ్యరకం అంటున్నారు. ఇప్పుడు నలభై దాటిన మగవాళ్ళ కళ్ళన్నీ వీటిమీదే.

ఈ మోజు ఎక్కడ పుట్టిందో నాకు తెలియకపోలేదు. మా సీమలో బుల్లెట్టంటే ఒకప్పుడు బండి మాత్రమే కాదు, హోదా. మన సైన్యం సరిహద్దుల్లో గస్తీకి వాడిన బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టిన తర్వాత ఇక్కడే తయారవుతూ వచ్చింది. ఊరికి ఒకటో రెండో ఉండేవి. మా చిన్నప్పుడు సందు మొదట్లో ఆ డబడబ శబ్దం వినిపించగానే అరుగుమీద బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్ళు చేటలు పట్టుకుని లోపలికి పోయేవాళ్ళు. పిల్లలు మాత్రం బయటికి పరిగెత్తేవాళ్ళు. అలా పరిగెత్తిన పిల్లల్లో మా ఆయన ఒకడు. ఆ పిల్లవాడి కోరికే నలభై మూడేళ్ళ వయసులో ఇలా తీరబోతోంది.

ఆ కోరికని నేను తప్పుపట్టను. ఎండలో, రేగడి బురదలో ఇరవయ్యేళ్ళు కష్టపడ్డ మనిషి. తనకంటూ ఒకటి కొనుక్కోవాలనుకోవడం నేరం కాదు. నాకు నచ్చనిది వేరొకటుంది. "నాకు ఇష్టం, కొనుక్కుంటాను" అని ఆయన ఒక్కరోజూ అనలేదు. "మనకు పనికొస్తాది, అందరం తిరగొచ్చు" అన్నారు. కథలు రాసుకోవడానికి ఒక బల్ల, కుర్చీ కావాలని 2019లో నేనడిగితే "అన్నం తినే బల్ల ఉండాది గదా, మళ్ళ ఏంటికి ఖర్చు?" అన్న మనిషే! నా బల్ల ఖర్చయింది. ఆయన బండి మనందరి అవసరం అయింది. సరే, మనందరి అవసరమే అయితే అందరి మాటా వినాలి. నేను పట్టుకున్నది ఆ ఒక్క ముక్కనే.

కొంగు నేర్పిన పాఠం

2012లో అహోబిలం తిరునాళ్ళకు పోయి తిరిగి వస్తున్నాం. మా పాపకు రెండేళ్ళు, నా ఒళ్ళో నిద్రపోతోంది. ఎడమవైపుకు తిరిగి కూర్చున్నాను. ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో సంచి. ఆళ్ళగడ్డ దాటి మా దారిలోకి తిరిగిన కాసేపటికి మెడ దగ్గర ఎవరో పట్టి లాగినట్టయింది. గాలికి జారిన కొంగు వెనక చక్రంలో చుట్టుకుంది. ఆయన వెంటనే బ్రేకు వేశారు. అప్పటికే నేను కిందపడ్డాను. పాపను మాత్రం రెండు చేతులా పైకెత్తుకునే పడ్డాను. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పాపకు గీత పడలేదు. పిన్నీసు ఊడిపోయి కొంగు జారింది కాబట్టి గానీ, ఊడకపోయి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేనుండేదాన్ని కాదు.

ఆ బండికి చక్రం పక్కన చీర గార్డు ఉండాలి. కొన్నప్పుడు ఉంది కూడా. "ఆడోళ్ళ బండి మాదిరుండాది" అని స్నేహితులు నవ్వితే మా ఆయనే విప్పేయించారు. ఆ తర్వాత పదేళ్ళు దాని మాటెత్తితే తల వంచుకునేవారు.

ఆ గార్డు కంపెనీవాళ్ళు దయతలచి పెట్టేది కాదని నాకు తర్వాత తెలిసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన అనేది ఒకటుంది. ప్రతి మోటారుసైకిలుకూ వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి. కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. చట్టం ఈ మూడూ అడుగుతోంది. మూడూ వెనక కూర్చునే మనిషి కోసమే! చట్టానికి గుర్తున్న మనిషి ఇంట్లోవాళ్ళకు గుర్తులేకపోతే ఏమనాలి?

ఈ పెద్ద బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. పల్లెల్లో మనం వాడే చిన్న బండ్లలో చాలావాటికి చైను మొత్తానికీ మూత ఉంటుంది. ఈ క్రూయిజర్లకు పైభాగాన మాత్రమే కొంత కప్పు ఉంటుంది. కొత్త బండి తీసుకోగానే అందం పేరుతో మొదట ఊడేది గార్డు, పిడి. ఆ తర్వాత సైలెన్సరు మార్చి ఊరు అదిరేలా పటాకుల శబ్దం పెట్టించడం. ఇలా మార్చడం చట్టవిరుద్ధం. రోడ్డుపక్క ఇంట్లో పసిపిల్లను నిద్రపుచ్చే తల్లిని అడిగితే చట్టం కంటే గట్టిగా చెబుతుంది.

బరువెంత? పన్నెంత?

మూడు నెలల చర్చ తర్వాత అరుగు అసెంబ్లీ రెండు పక్షాలుగా చీలింది. ఒక పక్షం రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ సూపర్ మీటియర్ 650 అంది. ఇంకో పక్షం అదే కంపెనీ 2020లో తెచ్చిన మీటియర్ 350 చాలంది. మధ్యలో ఎదురింటి కుర్రాడు జావా పెరాక్ ఫోటో చూపించాడు. చూస్తే దానికి వెనక సీటే లేదు. "ఇది పెండ్లి కానోళ్ళకా నాయనా?" అని మా అత్త అడిగితే అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వడానికి అడగలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నెలకోసారి బీపీ చూపించుకోవడానికి కోవెలకుంట్లకు పోయేది కొడుకు బండి మీదే మరి.

ఆ రాత్రి నేను మా అమ్మాయి నోటుబుక్కులో ఒక పేజీ చించి లెక్కలు వేశాను. డిగ్రీలో బీకాం చదివింది ఎందుకూ పనికిరాలేదని అనుకునేదాన్ని. ఆ రోజు పనికొచ్చింది.

650 బండి బరువు 241 కిలోలు. 350 బండి 191 కిలోలు. యాభై కిలోల తేడా, అంటే ఒక సిమెంటు బస్తా. హైవే మీద ఈ బరువు హాయిగానే ఉంటుందట, గాలికి బండి ఊగదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి మన పక్కనే ఉంది, నిజమే. కానీ మనం రోజూ తిరిగేది హైవే మీదనా? దొర్నిపాడు నేల నల్లరేగడి. ఒక్క వాన కురిస్తే చేనిదారి జిగురైపోతుంది. మట్టి మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. అక్కడ రెండున్నర క్వింటాళ్ళ బండి పక్కకు ఒరిగితే ఎవరు లేపాలి? వెనకనుంచి దిగి నేను లేపాలి!

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ, అంతకు తక్కువ ఉన్న బండ్లకు పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది, 40కి ఎక్కింది. మీటియర్ ఇంజను 349 సీసీ, సూపర్ మీటియర్‌ది 648. ఒకటి గీతకు ఇవతల, ఒకటి అవతల. ఇవతలది షోరూము ధర రెండు లక్షల చుట్టుపక్కల ఉంటే, అవతలది నాలుగు లక్షల చుట్టుపక్కల. రోడ్డు ట్యాక్సు, బీమా దానిమీద అదనం.

పెట్రోలు లీటరు నూటపది రూపాయలనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు అరవై ఇచ్చే మా పాత బండికి 1,830 రూపాయలవుతుంది. లీటరుకు ముప్పై అయిదు ఇచ్చే 350కి 3,140. ఇరవై అయిదు ఇచ్చే 650కి 4,400. నెలకు రెండున్నర వేలు తేడా అంటే మా అమ్మాయి పుస్తకాల ఖర్చు, మా అత్త మందుల ఖర్చు కలిపినంత.

పొద్దున కాఫీతోబాటు ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "యాభై సిమెంటు బస్తాలు మోసినోన్ని, ఒక బస్తా లెక్కా?" అన్నారు నవ్వుతూ. "మోసేది మీరు, పడితే నా కాలు మీద గదా" అన్నాను. మా అత్త వంటింట్లోంచే అందుకుంది. "ఏమిరా, మీ నాయన ఎద్దులబండి కొనేటప్పుడు గూడ నన్ను ఎక్కి కూచోని చూడమన్నాడు. దీన్ని ఒకసారి పిల్చకపో."

అలా నేను నంద్యాల ప్రయాణమయ్యాను.

షోరూములో చీర

ఆ రోజు రెండు మూడు షోరూములు తిరిగాం. మొదటిదాంట్లో అడుగుపెట్టగానే అబ్బాయి ఆయనకు బండి చూపించాడు, నాకు కుర్చీ చూపించాడు. "మేడమ్, మీరక్కడ కూర్చోండి, కూల్‌డ్రింక్ తెప్పిస్తా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. "నేను కూర్చోవలసింది ఆ కుర్చీలో కాదు బాబూ, ఈ బండి వెనక. అది చూపించు" అన్నాను. ఒక్క క్షణం వాడికి అర్థం కాలేదు. చీర కట్టుకున్న ఆడమనిషి షోరూములో బండి వెనక ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి చూడడం వాడి ఉద్యోగంలో మొదటిసారేమో.

మూడుచోట్లా ఎక్కి చూశాక నాకు తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మీ ఇంట్లో ఇలాంటి బండి కొనే ఆలోచన ఉంటే ఇవి మీకూ పనికొస్తాయి.

మొదటిది సైలెన్సరు. మనం చీరలో ఎడమవైపుకు తిరిగి కూర్చుంటాం. మామూలు బండ్లకు సైలెన్సరు కుడివైపు ఉంటుంది కాబట్టి కాళ్ళకు భయంలేదు. సూపర్ మీటియర్ లాంటి రెండు సిలిండర్ల బండికి రెండువైపులా గొట్టాలుంటాయి. అంటే వేడెక్కిన గొట్టం ఒకటి సరిగ్గా మన పాదాలవైపే. ఒంటి సిలిండరుదైనా జావాలకూ రెండు సైలెన్సర్లే. మా మేనత్త ఎడమ పిక్క మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు అది పుట్టుమచ్చ అనుకునేదాన్ని. మా మామ దగ్గరున్న రెండు సైలెన్సర్ల పాత బండి పెట్టిన వాత అని పెద్దయ్యాక తెలిసింది. అరుగుమీద మూడు నెలలు మాట్లాడిన అయిదుగురు మగవాళ్ళలో ఈ సంగతి ఒక్కరూ గమనించలేదు. ఎందుకు గమనిస్తారు? అక్కడ కాలు పెట్టేది వాళ్ళు కాదు.

రెండోది వెనక సీటు. క్రూయిజర్లలో ముందు సీటు సోఫాలా ఉంటుంది. వెనకది కొన్నింటిలో అరచేతి వెడల్పే. నున్నగా వెనక్కి వాలి ఉంటే బండి ఎత్తు ఎక్కినప్పుడల్లా జారిపోతాం. వీపుకు ఆనుడు ఉంటే మంచిది. రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంటే అది వీపుకు ఆసరా. పక్కకు కూర్చుంటే ఎడమచేత్తో పట్టుకోవడానికి పనికొస్తుంది.

మూడోది కాళ్ళకు ఆధారం. రెండువైపులా కాళ్ళు వేసి కూర్చునేవాళ్ళకు చిన్న కడ్డీ చాలు. పక్కకు కూర్చునేవాళ్ళకు రెండు పాదాలూ ఆనే పలక కావాలి. చీర గార్డుతోబాటు ఆ పలక ఉందో లేదో చూడండి. ఉన్నా అందుతుందో లేదో కూర్చునే చూడండి. చూసినంత మాత్రాన తెలియదు.

నాలుగోది ఎక్కడం, దిగడం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను కూడా తీసుకుపోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెప్పులు కొనేటప్పుడు కాలికి తొడిగి చూడమా?

అయిదోది హెల్మెట్. ఒక్కటి కాదు, రెండు. నడిపేవాళ్ళకూ, వెనక కూర్చునేవాళ్ళకూ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. 2019లో చట్టం సవరించాక లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మకూడదు కూడా. మన దారుల్లో చూడండి... మగవాడి తలకు హెల్మెట్, ఆడదాని తలకు కొంగు! పూలు నలుగుతాయని, జడ ఇరుక్కుంటుందని మనమే వద్దనుకుంటున్నాం. ఆ తప్పు మాత్రం మగవాళ్ళ మీద వేయలేను. పూలు సంచిలో పెట్టుకుని పోయి, పెళ్ళింటి దగ్గర దిగాక తురుముకుందాం.

ఇంకొక్క మాట. పక్కకు కూర్చుంటే బరువంతా ఒకవైపే పడుతుంది. బండి ఎంత బరువైతే నడిపేవాళ్ళకు అంత ఇబ్బంది. రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే క్షేమం. దూరప్రయాణమైతే నేను ఇప్పుడు చుడీదార్ వేసుకుంటున్నాను. మా అత్త మొదట మూతి తిప్పింది. నా మోచేతి మచ్చ చూపించాను. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఎక్కడమేనా? నడపడమా?

ఇంతవరకూ వెనక సీటు గురించే మాట్లాడాను. షోరూములో ఇంకొక సంగతి జరిగింది. అది చెప్పకపోతే నా అభిప్రాయం సగమే చెప్పినట్టు.

వెనక కూర్చుని చూశాక, ఎందుకో ముందు కూడా కూర్చోవాలనిపించింది. ఆ రోజు చుడీదార్లో పోలేదు, చీరలోనే ఉన్నాను. కుచ్చిళ్ళు సర్దుకుని మీటియర్ మీద కూర్చున్నాను. నా రెండు పాదాలూ నేలకు ఆనాయి!

నేను అయిదడుగుల ఒక అంగుళం మనిషిని. పెద్ద బండి అంటే కాళ్ళందవు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ బండి సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. అంటే ముప్పై అంగుళాలు. మనం నడిపే స్కూటర్లలో చాలావాటి సీట్లు ఇంచుమించు అంతే ఎత్తు. బజాజ్ అవెంజర్ అయితే ఇంకా కిందికి, 737. అంటే మగతనానికి గుర్తుగా చలామణి అవుతున్న ఈ క్రూయిజర్లే, పెద్ద బండ్లన్నింటిలోనూ పొట్టి ఆడమనిషికి బాగా అమరేవి! ఇది మనకు ఎవరూ చెప్పలేదు.

పాత బుల్లెట్టును ఆడవాళ్ళు నడపలేదంటే కొంత అర్థముంది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. స్టార్టు చెయ్యాలంటే మీటరులో ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, ఒక మీట నొక్కి, ఒడుపుగా కిక్కు కొట్టాలి. ఒడుపు తప్పితే అది తిరిగి తన్నేది. ఇప్పుడు బొటనవేలితో బటన్ నొక్కితే చాలు. ఆ కారణం పోయి చాలా ఏళ్ళయింది. అలవాటు మాత్రం పోలేదు. గేర్లున్నది మగవాళ్ళ బండి, గేర్లు లేనిది ఆడవాళ్ళ బండి అని మనమే విడగొట్టుకున్నాం. గ్రైండరు, కుట్టుమిషను, పవర్‌టిల్లరు నడిపే చేతులకు నాలుగు గేర్లు లెక్కా?

మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పాట 2021లో ఎంత మోగిందో మనందరికీ గుర్తే. మంచిర్యాల దగ్గర ఒక పెళ్ళికూతురు ఊరేగింపులో ఆ పాటకు ఆడితే రెండు రాష్ట్రాలూ చూశాయి. నాకూ ఇష్టమైన పాటే. మా అమ్మాయి ఫోనులో అదే మోగేది. కానీ ఆ పాటలో పిల్ల ఎక్కేది అతని బండి మీద, వెనకే. తన బండి మీద తను వచ్చే పిల్ల పాట ఇంకా రావాల్సి ఉంది.

పాట రాలేదు గానీ అలాంటి మనుషులు వచ్చేశారు. హైదరాబాదుకు చెందిన జై భారతి 2018లో మరో ముగ్గురు మహిళలతో కలిసి ఆగ్నేయాసియా దేశాల మీదుగా మోటారుసైకిళ్ళ మీద 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. ఆ తర్వాత మోవో అనే సంస్థ పెట్టి, బతుకుతెరువు కోసం బండి నడపాలనుకునే ఆడవాళ్ళకు నేర్పించే పని చేపట్టారు. మనందరం దేశాలు తిరగనక్కరలేదు. అర్ధరాత్రి అత్తకు గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో మగవాళ్ళు లేకపోతే, వాకిట్లో నిలబడి ఉన్న రెండు లక్షల బండి మనకు పనికిరావాలి. అది చాలు.

"అంత బరువు బండి ఆడవాళ్ళు ఆపగలరా?" అంటారు. నేనూ అదే భయపడ్డాను. 191 కిలోలు తక్కువేం కాదు. దాన్ని వాకిట్లోంచి వెనక్కి నెట్టాలంటే మా ఆయనే ఆయాసపడతారు. కానీ బండిని మనం ఎత్తుకుని పోము, అదే మనల్ని మోసుకుపోతుంది. కదిలాక బరువు తెలియదు. నిలిపేటప్పుడు, తిప్పేటప్పుడు తెలుస్తుంది. దానికి కండలకంటే అలవాటు ముఖ్యం. నిదానంగా, ఖాళీ స్థలంలో, పక్కన తెలిసినవాళ్ళు ఉండగా నేర్చుకోవాలి. గేర్ల బండి లైసెన్సుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి కాబట్టి మా అమ్మాయిని ఇంకా ఆగమన్నాను. ముందు నేను నేర్చుకుంటాను, తర్వాత నీకు నేర్పిస్తాను అని మాటిచ్చాను.

చివరికి మా ఇంటికి వచ్చింది 350 బండే. గార్డు, పలక, వెనక ఆనుడు, రెండు హెల్మెట్లతో వచ్చింది. పాత బండిని అమ్మలేదు, చేనిదారికి అదే దిక్కు. మిగిలిన డబ్బు అమ్మాయి పేరున బ్యాంకులో వేశాం. ఆయన స్నేహితులు "ఏమప్పా, 650 అంటివి గదా?" అని ఇంకా ఏడిపిస్తూనే ఉన్నారు. "మా ఇంట్లో ఓట్లు రెండు గదప్పా" అంటున్నారు ఈయన. "మూడు" అని లోపల్నుంచి మా అత్త సరిచేస్తోంది.

అక్కచెల్లెళ్ళారా, నేను చెప్పేది ఒక్కటే. బండి కొనొద్దని మొగుళ్ళతో పోట్లాడకండి. కోరిక ఎవరికైనా ఉంటుంది. "నేనూ వస్తాను, ఎక్కి చూస్తాను" అనండి. టీ గ్లాసులు అక్కడ పెట్టి మీరు కూడా ఆ అరుగుమీద కూర్చోండి. మనం ఎక్కే బండి, మన ఇంటి డబ్బు, మన పిల్లల్ని ఒళ్ళో పెట్టుకునే సీటు. దాని గురించి మాట్లాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నేను ఎల్ఎల్ఆర్ తీసుకుని నెలయింది. సాయంత్రాలు హైస్కూలు మైదానంలో తిప్పుతున్నాను. మూడో గేరు దాకా వచ్చాను. మొన్న మా ఆయన వెనక కూర్చున్నారు. రెండు చేతులా పిడి పట్టుకుని, "మెల్లగా... మెల్లగా పో" అని రెండు చుట్లు అరిచి, దిగాక నడుం పట్టుకుని అన్నారు కదా:

"ఏమే, ఈ వెనక సీటు ఇంత గట్టిగుండాదా?"

పదిహేడేళ్ళ తర్వాత అడిగారు. పోనీలెండి, అడిగారు.